ఎనిమిది తీసెయ్

శృంగవరపుకోటలో, బస్టాండు వెనక,
తవిటయ్య షెడ్డులో
పికప్పు కింద ఇద్దరం వెల్లకిలా పడుకున్నాం.
నా చెంప మీద గేరాయిలు
ఒక్కో బొట్టూ, కషాయం రంగులో.
తవిటయ్య వేలితో తీసి వాసన చూశాడు.
"మాడిపోనాది," అన్నాడు,
అడుగంటిన పప్పు గురించి అన్నట్టు.

పన్నెండేళ్ళు ఎక్కాను ఈ ఘాటీ.
పైకి ఉప్పు, సిమెంటు, రేషను బియ్యం.
కిందికి అల్లం, క్యాబేజీ, ఒక్కోమాటు పెళ్ళివారు.
గేరుబాక్సుకి జొరం వస్తే
నా ఎడం చెప్పుకి తెలిసేది,
రాడ్డు పట్టుకున్న అరచేతికి తెలిసేది.
మొన్న అనంతగిరి దాటిన మూడో మలుపులో
ఏ చెయ్యీ ఏమీ చెప్పలేదు.
రెండో గేరు పళ్ళు రాలిన చప్పుడు
చింతపిక్కలు రోట్లో పోసినట్టు.
ముప్ఫై బస్తాల ఉప్పు,
వాన,
చక్రాల కింద రెండు రాళ్ళు,
తెల్లారేదాకా నేను.

అందుకే ఈ గేజి.
విశాఖలో పాతసామాన్ల కొట్టులో ఆరొందలకి తెచ్చాడు,
నన్నడక్కుండానే.
నల్ల మొహం, ఎర్ర ముల్లు, అద్దం మీద ఒక గీత.
"ఏ బండిది మావా?"
"యేడికి ఊరూ పేరూ ఉంటాదేటి?"

ముందు పరీక్ష.
బేటరీ మోసుకెళ్ళి నూకాలమ్మ టీబడ్డీ ముందు దించాం.
సెన్సారుకి వైర్లు చుట్టి
మరిగే నీళ్ళలోకి వదిలాడు.
"నా గిన్నెలో మీ ఇనుమేటి!" అని
ఆవిడ పాలగిన్నె పక్కకి లాక్కుంది.
ముల్లు ఒళ్ళు విరుచుకుంది.
నలభై. డెబ్భై.
వంద దాటి, నూట ఎనిమిది దగ్గర కూలబడింది.
"అబద్దమాడతంది," అన్నాను.
"ఆడనీ. రోజూ ఒకటే అబద్దమైతే
దాంతో కాపరం సెయ్యొచ్చు.
ఎనిమిది తీసెయ్."
నూకాలమ్మ గిన్నెలోకి తొంగి చూసింది.
"రోజూ నా నీళ్ళు వందేనా?" అంది,
జీతమెంతో మొదటిసారి విన్నదానిలా.

గేరుబాక్సు బిరడాకి లేత్ మీద బెజ్జం వేయించాం.
గురువులుగాడు బుద్ధిమంతుడు,
మరలకి తెల్ల టేపు ఏడు చుట్లు చుట్టాడు.
ఇంజను గోడ రబ్బరు కన్నంలోంచి వైరు లాగి,
ఫ్యూజు కలిపి,
పైడితల్లమ్మ పటం పక్కన గేజి బిగించి
తాళం తిప్పితే
ముల్లు కదల్లేదు.
ఫ్యూజు మార్చాం. వైరు మార్చాం.
గురువులుగాడు పటానికి దండం కూడా పెట్టాడు.
ఆఖరికి తవిటయ్య బిరడా విప్పి
టేపు గోటితో చీరి పారేశాడు.
"ఒరే, ఇనుం ఇనుముకి తగలాపోతే
మాటెలా పుడతాదిరా?"
"ఆయిలు కారదా?"
"సెమర్చితే సెమర్చనీ."

గంట తిప్పుకొచ్చాను, బొడ్డవర దాకా.
తవిటయ్య మళ్ళీ కిందికి దూరాడు, బిగువు చూడ్డానికి.
వాసన నాకు ముందొచ్చింది.
అతని మణికట్టు సైలెన్సరుకి ఆనుకుని ఉంది.
"మావా, సెయ్యి!"
తీశాడు.
పక్కోడి చెయ్యి చూసినట్టు చూసుకున్నాడు.
"సుగరు," అన్నాడు. "రెండేళ్ళైనాది.
ఏటీ తెల్దు."

టీ గ్లాసు అందుకుని
"సల్లారిందేట్రా?" అని
గురువులుగాణ్ణి ఎందుకడుగుతాడో అనుకునేవాణ్ణి.

గాలికొండ ఎక్కుతున్నాను. లోడు సిమెంటు.
రెండో గేరు మూలుగుతోంది.
చెయ్యి రాడ్డు మీదే ఉంది, అలవాటు కదా,
కళ్ళు మాత్రం ముల్లు మీద.
మలుపు ముందు పక్కకి ఆపాను. ఫోను మోగుతోంది.
హలో లేదు, ఎవరనీ లేదు.
"ఎంత?"
"నూట పదహారు."
అవతల ఎవరో నట్టు రేకు మీద పడేసిన చప్పుడు.
"తీసేవా?"
"నూట ఎనిమిది."
కొంచెంసేపు అతని ఊపిరి వినబడింది.
"ఓ బీడీ కాల్చి ఎల్లు," అన్నాడు.
నేను బీడీ కాల్చనని
అతనికి తెలుసు.