మూడో తరగతి తలుపు

కెయ్యోన్ రేవులో టికెట్ల కిటికీ వెనక
పదకొండేళ్ళుగా నేనే.
పడవ వేళలు సుద్దతో పలక మీద రాస్తాను.
జల్లు కొట్టి చెరిపేస్తుంది.
మళ్ళీ రాస్తాను.

మెలింకా, రౌల్ మరీన్, మెలిమొయు,
ప్వెర్తో గాలా, సిస్నెస్,
అగిర్రె, ఆఖర్న చకబూకో.
ముప్ఫై గంటలు, సముద్రం ఒప్పుకుంటే.
వీటిలో ఒక్క ఊరూ నేను చూడలేదు.
మోసుకెళ్ళే సామాన్ని బట్టి పోల్చుకుంటాను:
గాలాకి ఉల్లిపాయల బస్తాలు,
సిస్నెస్‌కి కన్నాలు పొడిచిన అట్టపెట్టెల్లో కోళ్ళు,
మెలింకాకి గ్యాసు బండలు,
ఒక్కోసారి ఆసుపత్రి నుంచి తిరిగెళ్ళే మనిషి,
ఒక్కోసారి మనిషి బదులు పెట్టె.

ఆ మంగళవారం ఒక తలుపు వచ్చింది
రెండు రబ్బరు బూట్ల మీద నడుచుకుంటూ.
దాని వెనకనుంచి ఎర్మోహెనెస్ యెవుకూన్ తల బయటపెట్టి
"మెలింకాకి, ఇద్దరం" అన్నాడు.

రేట్ల కాగితంలో సైకిలుంది, కుక్క ఉంది,
పరుపుంది, శవపేటిక ఉంది.
తలుపు లేదు.
"పరుపని రాసెయ్."
రాశాను.
"ఇల్లు ఎంతదాకా వచ్చింది?"
"ఇల్లింకా లేదు."

మధ్యాహ్నం నేవీ వాళ్ళ ఫోను.
కోర్కొవాదో అఖాతంలో అలలు ఐదు మీటర్లు.
పలకంతా తుడిచి ఒకటే మాట రాశాను:
రేవు మూశారు.

మూడు రోజులు.
తడి ఉన్ని వాసన, పొయ్యి మీద కెటిల్,
గోడకి ఆనుకుని తలుపు.
గాలా పిల్ల ఒకతె దాన్ని తట్టేది.
"ఎవరూ?"
వెనక నక్కిన తమ్ముడు: "వానని."
"నువ్వొద్దు, ఫో."
రెండో రాత్రికి పోలీసాయన కూడా తట్టాడు.
రెండు బల్లల మీద దాన్ని పడుకోబెట్టి
ఉడకేసిన దుంపలు, పొగబెట్టిన ఆల్చిప్పలు
అందరం దాని మీదే తిన్నాం.
తుడిచాక, నడుం పట్టేసిన ఓర్ఫెలీనా అవ్వ
దాని మీదే నిద్రపోయింది.
పరుపని రాశాను కదా,
నా లెక్కేం తప్పలేదు.

ఆ తుడవడంలోనే పెచ్చు లేచి
పచ్చరంగు కింద ఒక అంకె బయటపడింది: 3.
"కంపూలో బడి కూలుస్తుంటే కొన్నాను" అన్నాడతను,
మాటే పొయ్యిలోకి వేస్తున్నట్టు.
"ఆ ఏడు నాన్న నాచు ఏరడానికి పడవెక్కించాడు.
మూడు దాటలేదు నేను."

శుక్రవారం తెల్లారేసరికి గాలి పడిపోయింది.
తలుపుని డెక్ మీద నిలబెట్టి కమ్మీకి కట్టారు.
సిగరెట్ల వాళ్ళు అప్పుడే దాని చాటుకి చేరారు.
పదకొండేళ్ళలో మొదటిసారి
కిటికీ వదిలి ర్యాంపు అంచుదాకా వెళ్ళాను.
పడవ చిన్నదైపోయింది.
అటూ ఇటూ గోడల్లేకుండా తలుపు
మూడు దాటి వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో మళ్ళీ వచ్చాడు,
చంకలో దుప్పటి చుట్టిన కిటికీ అద్దం.
"తలుపెలా ఉంది?"
"వానకెదురుగా పెట్టాను, ఉబ్బింది. మూసుకోదు."
"తిప్పి బిగించకపోయావా?"
"తిప్పితే ఇల్లే తిప్పాలి.
మనవాళ్ళకది కొత్తా? రెండు జతల ఎడ్లు, పొడుగాటి తాళ్ళు,
ఓ పీపా ఆపిల్ సారా."

రేట్ల కాగితం అడుగున ఇప్పుడు నా దస్తూరీతో ఉంది:
తలుపు: పరుపు రేటు.
అద్దం లేదు.
"దీన్నేమని రాయను?"
కాసేపు ఆలోచించాడు.
"మనిషని రాయి.
కూర్చోబెడతారు."