నాలుగు తొట్లు

వడ్లు దులిపే తొట్లు నాలుగు బోర్లించి,
ఇంటి తలుపులు ఊడదీసి పైన పరిచారట.
తలుపుల్లేని ఇళ్లకి ఆ రాత్రి
షెంగ్‌షియన్‌లో కుక్కలే కాపలా.

అంతకుముందు మా తాత లూ జిన్‌గెన్
గడప గడపకీ పాడి గిద్దెడు బియ్యం తెచ్చేవాడు.
చేతిలో చిడత: దీ-దూ, దీ-దూ.
ఆ చప్పుడే ఆటకి పేరైంది.

తాత ఆడవేషానికి గడ్డం గరుకు దాగలేదు;
షాంఘై నవ్వి పొమ్మంది.

తర్వాత మేం, ఆడపిల్లలం,
మూడేళ్ల ఒప్పందానికి వేలిముద్రలేసి వెళ్లాం.
మగజోళ్లలో దూది కుక్కుకుని
నేను పండితుణ్ణయ్యాను.
పట్టుమిల్లులో వేళ్లు ఉడికిన అమ్మాయిలు
చప్పట్లు కొట్టలేక
ఏడ్చి మెచ్చుకున్నారు.

చివరి వరసలో తాత.
ఆట అయ్యాక ఒక్కటే అన్నాడు:
"చరణం మధ్యలో ఆగావు చూడు,
అది తాళం కాదు పిల్లా.
తలుపు తీస్తారేమోనని
నేను ఆగిన చోటు."