గంటకోసారి

టార్టులో రాత్రి రెండు.
కిటికీ కింద ఎమాయొగి ఏరు గడ్డకట్టే ఉంది.
అర్వో ముంజేతి మీద అతని తొడ ముక్క,
రంపపు మిల్లు తీసుకున్నంత మేర
అతుకు.

సాయంత్రం సిర పూడింది.
మాంసం నేరేడు రంగుకు తిరిగింది.
మళ్ళీ తెరిచి, గడ్డ తీసి,
వెంట్రుకకన్నా సన్నని దారంతో కుట్టారు.
నెత్తురాడక మూడున్నర గంటలు.

తర్వాత వచ్చింది.
వచ్చిందని ఊపిరి పీల్చుకున్నామో లేదో
వాపు మొదలు.

లంఖణాలు చేసినవాడికి గంజే పొయ్యాలి,
విందు పెడితే ప్రాణం మీదికొస్తుంది.
"ఆకలి చంపనిదాన్ని అన్నం చంపుతుందా?" అన్నాడు అర్వో.
"ఒక్కోసారి" అన్నాను.

వేలితో నొక్కుతాను. తెల్లబడుతుంది.
ఒకటి, రెండు...
ఎరుపు త్వరగా తిరిగొచ్చినా భయమే,
రాకున్నా భయమే.
సూదితో గుచ్చి చుక్క చూస్తాను: నలుపు.
మూడింటికీ నలుపే.
నాలుగింటికి
కాగితం మీద రాయబోయి, ఆగి,
దీపం దగ్గరికి లాగి ఇంకోసారి చూశాను.

"తొడ వెంట్రుకలే మొలుస్తాయట దీని మీద," అన్నాడు నిద్రలో ఉన్నట్టు,
"మా ఆవిడ నవ్వుతుంది."

ఎరుపు, అని రాశాను.
ఐదింటికి మళ్ళీ రావాలి.
ఈ ఏరు ఒడ్లు కోసేది చలికాలంలో కాదు,
మంచు విడిచాకే.