పందికొక్కు ఓడెక్కింది

అల్వర్‌స్టన్ వృద్ధాశ్రమం కిటికీ అవతల
పచ్చికలో మూడంగుళాల గుంటలు,
గరాటుతో గుచ్చినట్టు.
"బాండికూట్," అన్నాడు ఆరో గది మెర్విన్ టాట్లో.
"రాత్రి వచ్చింది, పురుగుల కోసం."

నేనూ అన్నాను, బాండికూట్.
"బా కాదు, బ్యా. నోరు కొంచెం సాగదియ్యి, సూ."
సాగదీశాను.
తొంభై ఒక్కేళ్ల మనిషి, పైగా ఇన్సులిన్ వేళ.

టీ విరామంలో నిఘంటువు తీస్తే
ఆ మాట పక్కన, వాలు అక్షరాల్లో,
బుద్ధిగా కూర్చుని ఉంది మా భాష పేరు.

పందికొక్కు!
గాదె కింద పందికొక్కు.
మా మేనత్త మామయ్యని తిట్టే పందికొక్కు.
వంతెన తినేసిన కాంట్రాక్టరు పందికొక్కు.
ఇంత దూరం వచ్చి
టాస్మేనియా ఎర్రమట్టిలో ముట్టె పెట్టింది.

ఏ రేవులో ఎక్కిందో.
బందరులో బస్తాలు లెక్కపెట్టే దొర ఎవరో
అదేమిటని వేలు చూపించి ఉంటాడు.
మోసేవాడు వెనక్కి తిరక్కుండానే చెప్పి ఉంటాడు.
దొర నోట్లో పడి పంది కాస్తా బండి అయింది.
బండి అయ్యాక ఇక ఆగుతుందా?

దక్షిణాన దిగినవాళ్లు
ఎలుక కాని ఎలుకని చూసి
చేతిలో ఉన్న పేరు తొడిగేశారు,
పక్కింటి పిల్లాడి చొక్కాలాగా.
తప్పు పేరే. దీనికి పొట్ట కింద సంచి ఉంది.
సంచి మూతి వెనక్కి ఉంటుంది,
తవ్వేటప్పుడు పిల్లల కళ్లలో మట్టి పడకుండా.
మా పందికొక్కుకి ఎక్కడిది ఇంత ముందుచూపు?

సువర్చల సూ అయినప్పుడు
నేనేమీ అనలేదు.
బ్యాడ్జి మీద చోటు లేదన్నారు.

"అది క్రియ కూడా," అన్నాడు మెర్విన్ మర్నాడు,
నేను మేజోళ్లు తొడుగుతుంటే.
పదేళ్లప్పుడు పొరుగు చేలో
బంగాళాదుంపల్ని బాండికూట్ చేసేవాడట.
మొక్క కదలకుండా, ఆకు వాడకుండా
పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, దుంప లాగి,
మట్టి మళ్లీ సర్దేసి.
రైతు తవ్వకానికొచ్చే దాకా
చేను పచ్చగా నవ్వుతూనే ఉండేదట.
చెబుతూ చెబుతూ వేళ్లు దుప్పటి కిందకి పోయాయి,
దేన్నో తడిమి చూసుకుని వెనక్కొచ్చాయి.

ఈ ఊరొచ్చి దొంగతనం నేర్చిందనుకున్నాను మాట.
కాదులే, అది ఇంటి దగ్గర్నుంచే వచ్చు దానికి.

మాదేనండీ ఆ మాట, అని చెప్పాను.
పం-ది-కొ-క్కు.
ఆయన పం దగ్గర ఆగాడు, కొ దగ్గర దగ్గాడు.
"నోరు కాస్త ముడవండి, మెర్విన్."
ముడిచాడు. ముద్దు పెట్టబోయినవాడిలా ఉన్నాడు.
ఇద్దరం నవ్వాం, మందుల ట్రే గలగలలాడింది.

ఆ రాత్రి రెండింటికి షుగరు ఆకాశంలో ఉంది.
అలమరలో బిస్కెట్ల పాకెట్
నిటారుగా, సీలు చెదరకుండా, నిండుగా.
ఎత్తితే గాలి.
వెనక, అతుకు దగ్గర, వేలు పట్టే కన్నం.

మెర్విన్ గోడవైపు తిరిగి
గురక నటిస్తున్నాడు.

రికార్డులో కారణం అన్న గడి ఉంది.
ఇంగ్లీషులోనే నింపాలి.
ఒక్క మాట రాశాను.
స్పెల్లింగు కోసం ఎవర్నీ అడగలేదు.