ఎర్ర మగ్గు

మైలవరం డ్యాం, ఆదివారం సాయంత్రం.
టికెట్టు యాభై. లైఫ్ జాకెట్టుకు బకిల్ లేదు.
పురికొసతో ముడేసి
"మునిగేటన్ని నీళ్ళు ఈ యేడు లేవులే సార్"
అన్నాడు దస్తగిరి.

నాలుగు ఎండాకాలాలు
కువైట్ సేటు తెల్ల పడవ వెంట
మధ్యధరా ఒడ్డున ఏదో ఊరికి పోయొచ్చినవాడు.
ఊరి పేరడిగితే
వక్కపలుకులా నోట్లో తిప్పి తిప్పి
వదిలేశాడు.

"మరీనా అంటారు సార్ ఆ తావును.
పడవలకు కొట్టం మాదిరి.
ఒక్కోదానికి ఒక గుంజ, ఒక నంబరు.
తెల్లార్లూ తాళ్ళు కిర్రుమంటాంటాయి,
మేతైపోయిన ఎద్దులు మెడ తిప్పినట్టు."

మరి లైట్‌హౌసు?

"ఉండాది. మూన్నూరేండ్లదంట.
గండికోటలో పావురాల గోపురం లేదా,
దాన్ని పట్టి సాగదీస్తే అంత.
ఎక్కినావా అంటే... లేదు సార్.
జనం మెట్లెక్కే పొద్దుకు
నేను పడవ అడుగున నాచు గీకుతాంటి.
రాత్రయితే మాత్రం దాని వెలుగు
నా పక్క మీదుగా పోయేది.
పన్నెండు లెక్కపెడితే మళ్ళా వచ్చేది.
ఒక్కనాడూ పదమూడు కానీలేదు."

తెడ్డు ఆపాడు.
ఎర్రమల మీద పొద్దు కుంగుతోంది.
నీళ్ళలోంచి లేచిన ఇనుప గొట్టం,
దాని కొసన ఒక బల్బు,
బల్బు మీద బోర్లించిన
ఎర్ర ప్లాస్టిక్ మగ్గు.

పడవను గొట్టానికి కట్టి
అంచు మీద మునివేళ్ళతో నిలబడి
సోలార్ పలక మీది కొంగ రెట్టను
లుంగీ చెంగుతో తుడిచాడు.

"కింద గోడ ఉండాది సార్. మా వంటింటిది.
నేను లాగుల్లో ఉన్నప్పుడు ఊరు లేపేసిరి.
దూలాలు పీక్కపోతిమి, వాకిళ్ళు పీక్కపోతిమి,
గోడను ఎవురు మోస్తారు?
నీళ్ళు తగ్గిన యేడు జానెడు లోతులో
కనపడకుండా కాచుకోనుంటాది.
పోయినేడు ఒక చేపల పడవ అడుగు చీల్చింది.
మా యమ్మ అంతే,
చెప్పుల కాళ్ళతో పొయ్యి కాడికొస్తే
కట్టె తీసుకొనేది."

నవ్వాడు. నేనూ నవ్వబోయి
చేతిలోని బజ్జీల పొట్లాం వైపు చూసుకున్నాను.
ఎవరింట్లో కూర్చుని తింటున్నట్టు?

ఒడ్డున దిగాక
పురికొస ముడి ఊడిరాలేదు.
పళ్ళతో కొరుకుతూ వెనక్కి చూశాను.
ఒకటి, రెండు, మూడు...
ఏడుకు వెలిగింది.
మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండు.
ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"బ్యాటరీ పాతది సార్,"
చీకట్లోంచి దస్తగిరి గొంతు,
"ఉండు, వస్తాది."