చిటికెన వేలు

మా బడిలో చిటికెన వేలు ఎత్తితే చాలు,
ఇంకేమీ అడగక్కర్లేదు.
రుక్మాంగదం మాస్టారు నాలుగో ఎక్కం ఆపకుండానే
గడ్డంతో గుమ్మం చూపించేవారు.

ఇప్పుడు నా ఒంట్లో పిల్ల వేలెత్తదు.
నిండా నీళ్ళు మోస్తూ
వెనక బెంచీలో కిమ్మనకుండా కూర్చుంటుంది.
మరీ మితిమీరితే
నుదుట చెమట, మెడమీద గగుర్పాటు,
తల పగిలే పోటు.
అవీ వేళ్ళే. ఆలస్యంగా ఎత్తినవి.

స్నేక్ పాస్ మీద మంచుకి కారు జారింది.
ఆ దారి పేరులోనే పాస్ ఉందని
మూడు వారాలకి స్ఫురించి
షెఫీల్డ్ ఆస్పత్రిలో అర్ధరాత్రి పగలబడి నవ్వాను.
పక్క మంచం ఐలీన్‌కి
ఏ భాషలో చెప్పను, ఎందుకు నవ్వానో?

నర్సు గ్వెండా మోకాళ్ళ మధ్య అద్దం నిలబెట్టి
"కనిపించిందా?" అంది.
నలభై నాలుగేళ్ళూ అద్దమంటే
బొట్టు వంకర దిద్దుకునేది.
ఇద్దర్ని కన్నాను గానీ
ఆ చోటు చూడ్డం అదే మొదలు.
"అది కాదు. ఇంకొంచెం పైకి."
మూడుసార్లు తప్పి నాలుగోసారి
గొట్టంలోంచి సన్నగా ధార.
నాకేమీ తెలియలేదు. చప్పుడు విన్నాను,
పక్కింటి కుళాయిలా.
కొలపాత్రలో నాలుగువందల ఇరవై.
ఆమె చప్పట్లు కొట్టింది.
నేను గోడవైపు తల తిప్పుకున్నాను.

నాలుగు రెళ్ళెనిమిది, నాలుగు మూళ్ళు పన్నెండు,
నాలుగార్ల ఇరవై నాలుగు: రోజు సరి.
ధార తేటగా ఉంటే సరే,
బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటే డాక్టరుకి ఫోను.
బ్యాగులో లావు తల తాళంచెవి,
ఈ దేశంలో చక్రాల కుర్చీ దొడ్లకి చాలావాటికి అదొక్కటే.
మొన్నొకచోట తలుపు తీస్తే
లోపల మాపులు, బకెట్లు,
నిలువెత్తు ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు.
దాన్నే కాస్త జరగమని బతిమాలాను.

సోమవారం మళ్ళీ క్లాసుకి వచ్చాను.
భిన్నాలు చెప్తుంటే కీరన్ చెయ్యెత్తాడు:
"మిస్, టాయిలెట్."
గంట కొట్టేదాకా ఆగమని
పదకొండేళ్ళు అన్న నోరు ఇది.
గడ్డంతో గుమ్మం చూపించాను.
వాడు పరిగెత్తాడు,
లోపలినుంచి ఎవరో పిలిచినట్టు.

గడియారం చూసుకున్నాను.
పదకొండూ నలభై.
నాకింకా ఇరవై నిమిషాలుంది.