ఇనప కుదురు

హాజరు పుస్తకంలో నా పేరు పక్కన
లస్కరు అని రాసుంటాది.
సుంకేసుల కింద మూడో తూము నాది.
గేట్లు ఎత్తుతా, దించుతా.
సముద్రం టీవీలో చూసిందే.

ఆ మాటకు ఓడమనిషి అని అర్థమంట,
కొత్తగా వచ్చిన ఏఈ చెప్పి నవ్వినాడు.
నేను నవ్వలేదు.
మా ఇంట్లో ఆ మాటకు ఒక మనిషుండాడు.

మౌలాలప్ప.
దూది ఏకే వింటితాడు టంగుటంగుమంటుంటే
ఊపిరి నిండా తెల్లటి నూగు.
పత్తి పండని ఏడు చెన్నపట్నం నడిచిపోయి
రేవులో వేలిముద్ర వేసినాడు.
మర్నాటి నుంచి ఊపిరి నిండా మసి.

పడవకు దొరలు పెట్టిన పేరు నోరు తిరగక
పొగదున్న అన్నాడు.
ఇంట్లో ఇప్పటికీ అదే పేరు.
రెండు పక్కలా రెక్కల చక్రాలు, ముందర ఒకటే ఫిరంగి,
కడుపులో రాత్రీ పగలూ ఆరని పొయ్యి.
బొగ్గు అయిపోతే టేకు దుంగలు,
దుంగలు అయిపోతే
ఒడ్డున ఎవరివో ఇంటి దూలాలు.

బర్మా ఏట్లో మూడేండ్లు.
ఫిరంగి పదకొండు సార్లు పేలిందని ఆయన లెక్క.
ఏడు కొండకు తగిలినాయంట,
రెండు నీళ్లకు.
మిగతా రెండిటి మాట వచ్చినప్పుడు
చుట్ట వెలిగించుకునేవాడంట.

పోరులో పోయింటే ఒక పాటైనా మిగిలేదేమో.
అది పోయింది ఎండాకాలంలో.
తెల్లారేసరికి ఏరు జానెడు తగ్గి
ఇసుక మేట మీద కూలబడింది.
నడుమిరిగిందని కొందరు,
బాయిలరు పగిలిందని కొందరు.
రాసిపెట్టిన పుస్తకాలు నీళ్లలోనే నానిపోయినాయి.
మౌలాలప్పది మాత్రం ఒకటే మాట:
"నీళ్లు లేక సచ్చింది, మనూరి గొడ్డు మాదిరి.
ఆ మూలుగు నేను పోల్చుకున్న్యా."

పొయ్యి ఆర్పిన చేతుల్తోనే
ఆవిరి తిప్పే చక్రం ఒకటి ఊడబీకి
తలగుడ్డలో చుట్టుకొచ్చినాడు.
జీతం బాకీ రానేలేదు.
ఫక్కీరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
నీళ్లకుండ కింద కుదురు చేసింది.

ఆరు తరాలు.
కుండలు పగిలినాయి, ఇత్తడి బిందె తాకట్టుకు పోయింది,
ఇప్పుడు ప్లాస్టిక్కుది.
చక్రం అట్లే ఉండాది.
ఏది పెట్టినా అడుగున తుప్పు గుండ్రం పడతాది,
మా ఆడోళ్లు ఎంత తోమినా పోదు.

మొన్న మార్చిలో కొలబద్ద దగ్గర కూచోని
రెండడుగుల నాలుగంగుళాలు అని రాసినా.
పొగదున్న తేలాలంటే మూడున్నర కావాలంట.
నా తూము ముందర అది
ఏ పక్కకు ఒరిగుండేదో
కాసేపు చూసినా.

గేటు చక్రానికి గ్రీజు పూసి అరచుట్టు తిప్పినా.
గట్టు మీద నుంచి కింది మడి బోయ రాముడు అరిచినాడు:
"ఇంకో చుట్టు, లస్కరన్నా!"
చేతులు చక్రం మీదే ఉండాయి.
పై నుంచి ఆర్డరు లేదు.